పన్నెండో మోత

"బండలో ఎన్ని తూటాలు పెట్టారు?" దుర్గ మళ్లీ అడిగింది.

"పన్నెండు. ఎన్నిసార్లు చెప్పాలే," అన్నాడు బ్రహ్మం.

"నువ్వెన్నిసార్లు చెప్పినా ముందు దిగేది మేమే గదయ్యా."

అదీ నిజమే. బండ పగిలాక రాళ్లెత్తటానికి తట్టలతో ముందు వరసలో నిలబడింది ఆడవాళ్లే. నలభై మంది. ఆ నలభై మందికీ ముందు బ్రహ్మం పెళ్లాం దుర్గ.

పైనున్న క్వారీ వాళ్లు పనికిరాని రాయంతా గట్టున గుమ్మరించి గుమ్మరించి, ఒక వానాకాలం గట్టు జారి, ఇల్లంత బండ జమ్మలేటి గొంతులో కూర్చుంది. తొమ్మిదేళ్లు. నీళ్లు పక్క దొంకన పడిపోయాయి. కింద మూడూళ్ల బావులు ఎండాయి. అర్జీలు పెట్టి పెట్టి కాళ్లరిగాక, ఈ ఏడు ఇంటికో టిక్కీ బస్తా మిరపకాయలు పోగుచేసి, గుంటూరు యార్డులో అమ్మి, ఆ డబ్బుతో రంధ్రాలు వేసే కంప్రెసర్ ట్రాక్టరునూ, మందు పేల్చే హబీబుల్లానూ పిలిపించారు. కూలికి డబ్బుల్లేవు. చేతులు ఊళ్లవే. గడపగడపకూ తిరిగి, "మీ మనుషుల్ని పంపండి, పూచీ నాది," అన్నవాడు బ్రహ్మం.

క్వారీల్లో ఒక కట్టుబాటుంది. వత్తి అంటించినవాడు మోతలు లెక్కపెట్టకూడదు. ప్రాణం అరచేత పెట్టుకుని పరుగెత్తేవాడి చెవులు వాడి దగ్గరుండవు. లెక్కకు వేరే మనిషి కూర్చోవాలి, ఆ పనిలో పండినవాడు. అన్నీ మోగాయని ఆయన చెయ్యెత్తితేనే జనం దిగాలి. ఒక్కటి మోగకుండా మిగిలిందా, ఆ రోజుకు పని బందు. మిగిలినదాని మీద గడ్డపార పడితే ఏరుకోవటానికి కూడా మనిషి మిగలడు.

అందుకే తెల్లారుజామున బ్రహ్మం వినుకొండ పోయి దూరపు చుట్టం నరసయ్య మామను బండి మీద తెచ్చాడు. ముప్పయ్యేళ్లు రాతిలో మందు కూరిన చెయ్యి. తన పెళ్లిలో చూశాడు ఆయన్ని, మళ్లీ ఇవాళే. బస్టాండు పక్క టీకొట్లో దొరికాడు. ఫోన్లో బండ ఫొటో చూపించగానే ముసలాయన కళ్లు వెలిగాయి. ఇంట్లో ఒక మాట చెప్పి పోదాం మామా అన్నా ఆగలేదు, బండెక్కి కూర్చున్నాడు.

"ఏం మనిషయ్యా," అంది దుర్గ. "కాఫీ తాగుతావా బాబాయ్ అని రెండుసార్లు పిలిచా. తిరిగి చూడలా."

"పని తెలిసినోడు మాట్లాడడే. నోరున్నోళ్లకే పని రాదు."

"అట్టయితే నీకు ఏ పనీ రాదన్నమాట."

ఆడవాళ్లు కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. బ్రహ్మం కూడా నవ్వబోయి పడమటి వైపు చూశాడు. కొండల మీద ఆకాశం పుండులా కమిలి ఉంది.

"పైన వాన పడతాంది అన్నా," అన్నాడు హబీబుల్లా. "సందేళకి నీళ్లొస్తాయ్. ఈలోగా రాళ్లు తియ్యకపోతే, పగిలినయ్యన్నీ కొట్టుకొచ్చి మళ్లీ గొంతు మూస్తాయ్. మన ఖర్చు మన్నే."

"అంటించు," అన్నాడు బ్రహ్మం.

జనమంతా దిబ్బ వెనక్కి పోయారు. నరసయ్య ఒక్కడే దిబ్బ ముందు చదును రాతి మీద కూర్చుని, ఎడమ అరచెయ్యి రాతికి ఆనించాడు.

"అదేందన్నా?" ఎవరో గుసగుసలాడారు.

"బండ నాడి చూస్తన్నాడు," అన్నాడు బ్రహ్మం. ఆ మాట వెనక వరస దాకా పాకింది.

హబీబుల్లా వత్తులంటించి పరుగు లంకించుకున్నాడు.

ఒకటి. రెండు. మూడు. కాళ్ల కింద నేల కొట్టుకుంది. ఏడు, ఎనిమిది వెంటవెంటనే. తొమ్మిది. పది.

పదకొండు.

తెల్లటి దుమ్ము లేచి మెల్లగా ఏటి మీద వాలింది. ఇంకేమీ మోగలేదు.

"నీకెన్ని వినపడినయ్యే?"

"నేను చెవులు మూసుకున్నా," అంది దుర్గ. వెనకున్న వాళ్లంతా మూసుకున్నారు. హబీబుల్లా రొప్పుతూ తెలీదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

బ్రహ్మం పోయి నరసయ్య ఎదుట గొంతుక్కూర్చున్నాడు. "పదకొండే గదా మామా?" అంటూ పది వేళ్లు చూపించి, ఆపైన ఒకటి ఎత్తాడు.

నరసయ్య ఆ వేళ్ల వంక చూశాడు. దిబ్బ మీదకి ఎక్కి తనవైపే చూస్తున్న మూడూళ్ల జనాన్ని చూశాడు. ఎన్నేళ్లయిందో, తన నోటి మాట కోసం అంతమంది కాచుకుని. రెండు పిడికిళ్లూ ఒకదానికొకటి ఆనించి చూపించాడు.

"రెండు కలిసిపోయినయ్," అన్నాడు గట్టిగా. క్వారీ మనుషులందరి గొంతూ అట్టాగే ఉంటుంది. "పన్నెండుకు పన్నెండూ అయినయ్. దిగండి."

చెయ్యెత్తాడు.

అనుమానం బ్రహ్మం గొంతు దాకా వచ్చి ఆగింది. ముప్పయ్యేళ్ల అనుభవం ముందు తన చెవులెంత? పడమట ఒకసారి ఉరిమింది. "దిగండమ్మా," అన్నాడు.

తట్టలు కదిలాయి. దుర్గ చీర ఎగ్గట్టి, ఎవరి చేతిలోదో గడ్డపార లాక్కుని, అందరికంటే ముందు ఏట్లోకి దిగింది. బ్రహ్మం వెనకే దిగబోతుంటే జేబులో ఫోను మోగింది.

"ఒరే బ్రహ్మం, నేను రాములమ్మత్తని. మీ మామ నీ బండెక్కాడంట గదరా? పొద్దుట్నుంచీ ఊరంతా వెతుకుతున్నా. నీ నంబరు ఇప్పటికి దొరికింది."

"ఇక్కడే ఉన్నాడత్తా, కంగారుపడబాక. ఏటి పనికి తెచ్చా. మోతలు లెక్కపెట్టటానికి."

కింద దుర్గ పగిలిన బండ మీద కాళ్లు ఎడంగా పెట్టి, గడ్డపార తల మీదికెత్తింది.

"ఏం లెక్కరా," అంది రాములమ్మ. "ఆయనకి రెండు చెవులూ పోయి మూడేళ్లయింది."