కొండ దిగొచ్చిన అయ్యగారు

"కొండమీద చలి బాగుందా అయ్యగారూ?" అంది సలోమి గడప బయటే నిలబడి. మిరపకోత నుంచి తిన్నగా వచ్చింది. చేతులింకా మండుతున్నాయి.

రెండు నెలల విశ్రాంతికని కొడైకెనాల్ వెళ్ళిన పాస్టర్ జెకర్యా ఆ ఉదయమే గురజాల చేరాడు. "లోపలికొచ్చి కూర్చోమ్మా," అన్నాడు.

"కూర్చోను. మా అత్త పొయ్యేముందు మిమ్మల్నే పిలవమంది. అయ్యగారు అలిసిపోయి కొండెక్కారని చెప్పా. నవ్వింది పాపం. మేం ఎండలో కాయ కోస్తాం, అలుపు తీర్చుకోమని మాకెవరూ సెలవియ్యరు. వారానికో పూట మైకు పట్టుకునే మీకేందయ్యా అంత అలుపు?"

ఆయన తలెత్తలేదు. "నాకు ప్రార్థన రావడం లేదు సలోమీ. ఏడాదిగా ఇంతే. నోట్లోంచి మాటలొస్తాయి, లోపల ఏమీ ఉండదు. అక్కడికెళ్తే వస్తుందనుకున్నా."

"వచ్చిందా?"

"రాలేదు. మీ అత్త పోయిన కబురు ఫోన్లో విన్నప్పుడు కూడా రాలేదు. ఇంక మీ ఇంటికి ఏ మొహంతో రాను?"

తిట్టడానికి సలోమి దగ్గర మాటలు ఇంకా చానా ఉన్నాయి. అయినా చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

"రెండు నెలలు చలిలో కూర్చుని తెచ్చింది ఇదా!" అని ఈసడించుకుంటూనే చాపమీద మోకరించి, కొంగు తలమీదికి లాక్కుంది. "కళ్ళు మూసుకోండి. మీకు రాకపోతే నేను చేస్తా."

ఆయన పిల్లాడిలా ఆమె పక్కన మోకరించాడు.

"ప్రభువా," అంది సలోమి, "ఈ మనిషి నిజంగానే అలిసిపోయాడు."