కాలు కింద పెట్టకుండా

“నేను సంతకం పెట్ట. మీరే బిడ్డకు జర భయం చెప్పుండ్రి సార్,” అని రాంచంద్ర ఫారాన్ని టీపాయ్ మీద బోర్లా పెట్టాడు.

సైన్స్ టీచర్ కొండల్‌కు ఏం చేయాలో తోచలేదు. తొమ్మిదో తరగతి చదివే తన విద్యార్థిని శ్రీనిధి అంతరిక్ష శిబిరానికి ఎంపికైంది. పది రోజులు ఇల్లు విడిచి ఉండాలి. ఐదింటికల్లా ఫారం చేరకపోతే ఆ అవకాశం వేరే బడి పిల్లకు పోతుంది. తండ్రి రాంచంద్రను ఒప్పిద్దామని, ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీదున్న వాళ్ల ఇంటి మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చాడు. రాంచంద్ర గ్రిల్ తాళం తీసి లోపలికి పిలిచాడు. మళ్లీ తాళం వేసి, మర్యాదగా కూర్చోబెట్టి, ఈ పని అప్పజెప్పాడు.

“అబద్ధం చెప్పమంటలేను. పెద్దయి అంతరిక్షంలకు పోతనంటది. అట్ల పైకి పోతే పానం ఏమైతదో ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. దాని పిచ్చి అదే దిగుతది.”

ఇంకా చెప్పుకొచ్చాడు. ఈ ఇల్లు కట్టి పన్నెండేళ్లయిందట. కింది షట్టర్లన్నీ దుకాణాలకు కిరాయికిచ్చాడు. అక్కడ ఎప్పుడూ మగవాళ్లు కూర్చుంటారు. అందుకని అప్పట్నుంచీ భార్యకు దిగే పని లేకుండా ఏం కావాలన్నా ఫోన్ చేసి పైకే తెప్పిస్తాడు. బడి వ్యాన్ కూడా మెట్ల దగ్గరికే వస్తుంది.

“మా ఇంట్ల ఆడోళ్లను కాలు కింద పెట్టనియ్య సార్. వాళ్లమ్మనడుగుండ్రి, ఏనాడన్న తక్లీఫ్ అయిందా అని.”

శ్రీనిధి తల్లి ఇంద్రమ్మ చాయ్ కప్పులు పెట్టి, నడుము పట్టుకుని మెల్లగా లేచింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

గడియారం నాలుగుంబావు దాటింది. నిజం చెబితే పిల్ల బెదురుతుంది. చెప్పకపోతే తండ్రి ఫారం ముట్టడు. కొండల్ గొంతు సవరించుకున్నాడు.

అక్కడ గాలి ఉండదన్నాడు. సూటు చిరిగితే పది పదిహేను సెకన్లలో స్పృహ పోతుందన్నాడు. గోడకానుకుని నిలబడ్డ శ్రీనిధి తల ఊపింది. అవన్నీ ఆమె చదివినవే.

“సూటు చినిగేది ఎప్పుడో ఒకసారి. స్పేస్ స్టేషన్ లోపల మంచిగున్నోళ్లకే అసలు కష్టం,” అన్నాడు కొండల్. “కాలు నేలకు ఆనదు. ఒంటి బరువు మోసే పని లేక ఎముకలు నెలనెలా పలచబడ్తయి. కండ కరుగుతది. నీరు పైకి చేరి మొకం ఉబ్బుతది. కొందరికి చూపు తగ్గుతది.”

రాంచంద్ర ముందుకు జరిగి కూర్చున్నాడు. “ఇంకా చెప్పుండ్రి.”

రోజుకు పదహారు సార్లు పొద్దు పొడిచి నిద్ర చెడుతుందని చెప్పాడు. ఎన్నాళ్లున్నా అవే గోడలు, అవే ముఖాలు. ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో కింది నుంచి ఎవరో చెప్తారు. కిటికీలోంచి లోకమంతా కనిపిస్తుంది కానీ తలుపు తీసుకుని పోవడానికి ఉండదు. ఉండగా ఉండగా కొందరికి మనసు కుంగి, మాట తగ్గిపోతుంది.

“ఇన్నవా బిడ్డా? జైలు నయం,” అన్నాడు రాంచంద్ర తృప్తిగా.

శ్రీనిధి కళ్లు బోర్లా ఉన్న ఫారం మీదే ఉన్నాయి.

“సార్,” అంది ఇంద్రమ్మ వంటింటి గుమ్మంలోంచి. “అట్ల ఎన్నొద్దులు ఉంచుతరు?”

“మామూలుగా ఆరు నెలలమ్మా. దిగినంక ఎంటనే నిలబడలేరు. ఇద్దరు పట్టుకోవాలె. మెల్లమెల్లగ నడక మళ్లా అలవాటు చేస్తరు.”

ఇంద్రమ్మ వచ్చి ఫారాన్ని తిప్పింది. ‘తండ్రి లేదా తల్లి’ అని రాసి ఉన్నచోట వేలు పెట్టి, అక్కడేనా అన్నట్టు కూతురి వైపు చూసింది. శ్రీనిధి తలూపింది. కొండల్ పెన్ను అందించాడు. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది.

రాంచంద్ర లేచి నిలబడ్డాడు.

“ఏందే ఇది? ఇంత ఇన్నంక గూడ పంపుతవా? రేపు అది నిజంగనే పైకి పోతనంటే పిల్ల ఏమైపోవాలె?”

ఇంద్రమ్మ ఫారాన్ని కొండల్ చేతిలో పెట్టింది.

“ఏంగాదు. వాళ్లను ఆరు నెలలకే కిందికి దించుతరంట.”