ఫోన్లో పసిమి ఛాయ

అక్షరాలు పెద్దవి చేద్దామని అమ్మ ఫోన్‌ను చేతిలోకి తీసుకోగానే అచ్యుత్ గుండె జారింది. తెర మీది ఫొటోలో, తను పెళ్లాడాలనుకుంటున్న భారతి పసిమి ఛాయలో మెరిసిపోతోంది. భారతిది పసిమి ఛాయ కాదు. కళగల చామనఛాయ.

గబగబా తన ఫోన్ తీసి అదే ఫొటో తెరిచాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు. ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే ఆఫర్లో కొన్న కొత్త ఫోన్లవి. ఒకటి తనకు, ఒకటి అమ్మకు. తన ఫోన్లో తెలుపు తెల్లగా ఉంది. అమ్మ ఫోన్లో తెలుపు పసుపునీళ్లలో ముంచి ఆరేసినట్టుంది. ఫొటోలో భారతి పక్కన నిలబడ్డ తను కూడా నలుగు పెట్టిన పెళ్లికొడుకులా ఉన్నాడు.

"అచ్చరాలు పెద్దవి చేస్తివా అప్పా?" వంటింట్లోంచి కదిరమ్మ కేకేసింది.

"చేస్తా ఉండానమ్మా!"

కదిరమ్మకు బెంగళూరు బళేపేటలో గాజుల దుకాణం. గాజులు వేయించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషితోనూ "నా కోడలు పసిమి ఛాయగా ఉండాల" అని చెప్పుకునే మనిషి. అంతటి మనిషీ బుధవారం వీడియో కాల్లో కొడుకు పక్కన భారతిని మొదటిసారి చూసి, రెప్ప వేయకుండా చూసి, "ఆదివారం పొద్దున్నే బ్రూక్‌ఫీల్డ్‌లో నీ ఇంటికొస్తా. పిల్లను పిలిపీ. ఇద్దరూ ఏమీ తినకుండా ఉండండి" అంది. ఉపవాసం ఉండి తాంబూలం పుచ్చుకోవాలి కాబోలు అనుకుని అచ్యుత్ గదిలో ఎగిరి గంతేశాడు. ఆ గంతు ఎవరి పుణ్యమో ఇప్పుడు తెలిసింది.

షాపుకు ఫోన్ చేశాడు.

"కొన్ని పీసులు అట్లాగే వస్తాయి సార్. తెర లోపల జిగురు ఆరాలి. రెండు వారాలాగండి, అదే తెల్లబడుతుంది" అన్నాడు అవతలివాడు నింపాదిగా.

రెండు వారాలట! భారతి అప్పుడే లిఫ్ట్ దిగుతోంది. అచ్యుత్ చెప్పుల్లేకుండా బయటికి ఉరికి, వెనకాల తలుపు దగ్గరగా వేశాడు. విషయం విని భారతి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అయితే మీ అమ్మ ఒప్పుకున్నది నన్ను కాదు, ఫోన్‌ను. అంతేనా?"

"హాల్లో కర్టెన్లు వేసేస్తాను. పసుపు బల్బు ఒకటుంది. దాని కింద కూర్చుంటే..."

"నేనేమన్న షోరూముల చీరనా, లైటు మార్చి చూపియ్యనీకి?"

"జిగురు ఆరేదాకా అయినా..."

"జిగురు ఆరేదాకా నువ్వు చీకట్ల కూసో. నా రంగు నాకు మంచిగనే ఉన్నది. లోపలికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పు. జల్ది చెప్పు, కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయి."

అచ్యుత్‌కు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ పిల్లను వదులుకోవడం తన వల్ల కాదు. అమ్మ మాటకు ఎదురు చెప్పడం ఇన్నేళ్లలో ఎన్నడూ చేతకాలేదు. ఆ రెంటికీ మధ్య చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు.

తలుపు తెరుచుకుంది.

"బయట ఏం గుసగుసలప్పా?" అంటూ కదిరమ్మ భారతిని చూసి ఆగిపోయింది. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని బాల్కనీలోకి, ఎండలోకి నడిపించింది. చెయ్యి తిప్పి చూసింది. గోళ్లు చూసింది. గడ్డం పట్టి మొహం పైకెత్తి చూసింది.

"ఫోన్లో ఈ రంగు లేదే!" అంది.

అచ్యుత్ కళ్లు మూసుకున్నాడు. మూసుకునే చెప్పేశాడు.

"తప్పు ఫోన్‌దమ్మా. నీ ఫోన్ తెర పసుపుగా ఉండాది. ఇది భారతి సొంత రంగు. నీకు పసిమి కోడలు కావాలని నాకు తెలుసు. కానీ నాకు ఈ పిల్లే కావాల. ఇంకెవరూ వద్దు!"

చెప్పాక గానీ తనెంత గట్టిగా అరిచాడో తెలియలేదు. పక్క బాల్కనీలో బట్టలారేస్తున్నావిడ కూడా ఆగి చూసింది. భారతి మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూస్తే ఏ ఫోనూ అక్కర్లేదనిపించింది అతనికి.

కదిరమ్మ రెండు ఫోన్లూ లాక్కుంది. అందులో ఒకసారి, ఇందులో ఒకసారి చూసింది. మళ్లీ భారతిని చూసింది.

"నిజ్జంగా ఇదేనా తల్లీ నీ రంగు?"

"ఇదే ఆంటీ. పుట్టినప్పటి సంది ఇదే."

"ఒంట్లో బాగుండాదా?"

"మంచిగున్న ఆంటీ. ఆకలొక్కటే."

కదిరమ్మ కుర్చీలో కూలబడి కొంగుతో కళ్లొత్తుకుంది. ఇంక అమ్మ లేచి సంచీ సర్దుకుని బళేపేట దారి పడుతుందనుకున్నాడు అచ్యుత్. ఆమె సంచీ దగ్గరకు లాక్కుంది కూడా. కానీ అందులోంచి మూత బిగించిన రెండు సీసాలు తీసి, వంటింటి సింకులో గడగడా వంపేసింది. చిక్కటి ఆకుపచ్చ రసం. ఇల్లంతా చేదువాసన కొట్టింది. వంపుతూ వంపుతూ ఒకటే నవ్వు.

"అమ్మా, ఏందమ్మా అది?"

"ఏందా! ఆ పాడు ఫోన్లో మీ ఇద్దర్నీ చూసినప్పట్నుంచి నా కొడుక్కూ కోడలికీ కామెర్లొచ్చినాయని కండ్లకు నిద్దర లేదు గదప్పా, పరగడుపున తాపాలని పసరు నూరించుకొని వస్తిని!"