ఏ జంతువు పాలు?

సుంకాల పట్టిక రాసిన దొరలారా, మీరంతా ఎవరి పాలు తాగి పెరిగారు?

ఇప్పుడు ప్రతి ఇంటి గుమ్మంలోనూ మీ సుంకాల యంత్రమే కాపలా; పై దేశం నుంచి ఏ పెట్టె వచ్చినా దానికి జవాబు చెప్పాకే తెరుచుకుంటుంది. కువైట్‌లో పనిచేసే చెన్నమ్మ తన పాలు పిండి మంచుపెట్టెలో బిడ్డకు పంపితే, రాయచోటిలో ఆమె మొగుడు ఓబులేసును ఆ యంత్రం నిలదీసింది.

"ఏ జంతువు పాలు? ఆవు పాలా, బర్రె పాలా, మేక పాలా?"

"నా పెండ్లాం పాలు!"

"ఆ జంతువు పట్టికలో లేదు. వెనక్కి పంపుతా."

ఒళ్ళో పసిది గుక్కపట్టింది. ఓబులేసు తల దించుకుని, "బర్రె పాలే" అన్నాడు. పెట్టె తెరుచుకుంది.

బిడ్డ కడుపు నిండాక, ఫోన్లో భార్య ముఖం చూస్తూ ఆ ముక్క చెప్పలేక చెప్పాడు.

"నన్ను బర్రెను జేసినావా మామా? ఉలవలు గూడా పంపు మరి!" అని పకపకా నవ్వింది చెన్నమ్మ. నిద్రలో పెదాలు చప్పరిస్తున్న బిడ్డను చూడగానే ఆమె రవిక తడిసింది.

దొరలారా, రేపటి పాలు వచ్చేలోపల ఆ పట్టికలో అమ్మ అని రాయండి. సుంకం లేదని కూడా రాయండి.