నీలం చీర, లేదా ఆకుపచ్చ

“అమ్మ ఏదిరా?”

మహబూబాబాద్ బస్టాండులో ఆఖరి సూట్‌కేసును చప్టా మీదికి ఈడ్చి, నర్సింగరావు కొడుకును అడిగాడు.

“నీ ఎన్కనే ఉండె గద బాపూ,” అన్నాడు సాయితేజ ఫోనులోంచి తలెత్తకుండా.

“నా ఎన్క యాడిది? నీతోని వస్తున్నదనుకున్న నేను.”

ఇద్దరూ వినీత వైపు తిరిగారు.

“నన్నెందుకు చూస్తరు? రెండు చేతులల్ల సంచులున్నయి. అమ్మను సుత నేనే మొయ్యాల్నా?” అంది కూతురు.

ఏడాదిపాటు ప్రపంచమంతా చుట్టి వస్తున్న కుటుంబం అది. ఓడలెక్కారు, ఎడారులు దాటారు, భాష తెలియని ఊళ్లలో తిరిగారు. ఎక్కడా ఎవరూ తప్పిపోలేదు. పొద్దున సికింద్రాబాదులో రైలెక్కి ఇక్కడ దిగారు. ఇంకొక్క బస్సెక్కితే గూడూరు, ఇల్లు. ఆ ఒక్క బస్సే దొరకడం లేదు. మేడారం జాతర నడుస్తోంది. బస్సులన్నీ అటే, కిరాయి కార్లన్నీ అటే. బస్టాండు నిండా బెల్లం మూటలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, పసుపు పూసుకున్న మొహాలు. ఆ జనంలో వనమాల జాడ లేదు.

సాయితేజ ఫోను చేశాడు. “స్విచ్ఛాఫ్ వస్తున్నది.”

“మళ్ల చెయ్యి.”

“నా దాంట్ల సుత చార్జింగ్ అయిపోవస్తున్నది బాపూ. చార్జరేమో అమ్మ సంచిల ఉన్నది.”

అంతలో నర్సింగరావు ఫోను మోగింది. గూడూరు నుంచి వర్తక సంఘం కార్యదర్శి.

“ఏడిదాక వచ్చినరన్నా? సెంటర్ల ఫ్లెక్సీ కట్టినం. మీ నలుగురి ఫోటోలేసినం. డప్పులోళ్లు జాతరకు పోతమని ఒక్కటే తొందర పెడుతున్నరు.”

“వస్తున్నం, వస్తున్నం,” అని పెట్టేసి నర్సింగరావు నుదురు తుడుచుకున్నాడు. “నలుగురి ఫోటోలేసినరట. ముగ్గురమే దిగితే ఊరోళ్లు ఏమంటరు? పెండ్లాన్ని ఏ దేశంల ఇడిసిపెట్టొచ్చినవ్ అని అడుగరా?”

పక్కనే బెల్లం మూట మీద కూర్చున్న గట్టమ్మ అనే ముసలావిడ ఇదంతా వింటోంది. “గీ మందిల ఎతుకుతె ఏం దొరుకుతది బిడ్డా? మైకుల చెప్పియ్యిండ్రి,” అంది.

ముగ్గురూ విచారణ గదికి పరుగెత్తారు.

“ఏం చీర కట్టిండ్రు?” అడిగాడు మైకు పట్టుకున్నతను.

“నీలం,” అన్నాడు నర్సింగరావు.

“ఆకుపచ్చ,” అన్నాడు సాయితేజ.

“నీలమేరా. రైల్ల నా ఎదురుంగనే కూసున్నది.”

“నా పక్కన కూసున్నది బాపూ, నాకు తెల్వదా?”

“అసలు చీరనే కాదు,” అంది వినీత. “అమ్మ డ్రెస్సులే ఏస్తున్నది గద, సలిదేశాలకు పోయిన కాన్నుంచి.”

“ఏం రంగు డ్రెస్సమ్మా?”

వినీత అన్న వైపు చూసింది.

మైకు మనిషి ముగ్గురినీ ఎగాదిగా చూశాడు. “ఆమె తప్పిపోయి ఎన్ని రోజులైంది సార్?”

“రోజులేంది? ఇప్పుడేనయ్యా!” నర్సింగరావు అరిచాడు.

మైకు గరగరలాడింది. “గూడూరు వనమాల గారు, నీలం లేదా ఆకుపచ్చ చీర గానీ, ఏదో ఒక రంగు డ్రెస్సు గానీ ధరించినవారు, ఎక్కడున్నా విచారణ గది దగ్గరికి రావలె. మీ కుటుంబం ఎదురుచూస్తున్నది.”

బస్టాండంతా గొల్లున నవ్వింది.

సిగ్గుతో తల వంచుకుని ముగ్గురూ సూట్‌కేసుల దగ్గరికి వచ్చారు.

“అంత నీవల్లనే,” వినీత అన్న మీద పడింది. “వీడియోలు తీసుకుంట ముందట ఉరుకుతవ్. నాకు తలకాయ పలుగుతున్నది. గోళీలు అమ్మ సంచిల ఉన్నయి.”

“నా కండ్లద్దాలు సుత గా సంచిలనే,” అన్నాడు నర్సింగరావు.

“ముందుగాల ఆ సంచి దొరకాలె,” అని సాయితేజ నాలుక కరుచుకున్నాడు.

గట్టమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “సంచి పోయిందా, మనిషి పోయిందా? ఒక్కటి చెప్పుండ్రయ్యా. అమ్మవార్లకు దేనికోసం మొక్కాలె నేను?”



అప్పుడే దుమ్ము లేపుకుంటూ ఒక బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ తలుపు బాదుతూ, “గూడూరు, గూడూరు! ఇది పోతె మళ్ల ఎప్పుడో చెప్పలేం, ఎక్కుండ్రి!” అని అరిచాడు. సాయితేజ ఒక సూట్‌కేసును ఎత్తి లోపల పెట్టేశాడు.

“మనం పోదాం బాపూ. డప్పులోళ్లు పోతే అంత ఖరాబైతది. అమ్మ ఎన్క బస్సుకు వస్తది.”

నర్సింగరావు ఆ సూట్‌కేసును బరబరా కిందికి లాగాడు.

“పోతే నలుగురం పోదాం. లేకుంటె లేదు,” అన్నాడు. “ఫ్లెక్సీ లేదు, గిక్సీ లేదు. దాని మొఖం సూసేదాక నేను ఈడికెల్లి కదల.”

బస్సు వెళ్లిపోయింది. కార్యదర్శి మళ్లీ ఫోను చేశాడు. నర్సింగరావు ఎత్తలేదు. సూట్‌కేసు మీద కూలబడి, వచ్చే పోయే ప్రతి ఆడమనిషి మొహమూ కండ్లు చిట్లించి చూడసాగాడు. వినీత వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. సాయితేజ మొదటిసారి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మైకు మళ్లీ గరగరలాడింది.

“గూడూరు నర్సింగరావు గారికి గమనిక. మీ వనమాల గారు దొరికిండ్రు. క్షేమంగ ఉన్నరు.”

నర్సింగరావు దిగ్గున లేచి రెండు చేతులూ జోడించాడు. వినీత ఏడ్చేసింది.

“ఆమె మా గదికి వచ్చి, ఒక్క మాట చెప్పి, ఇప్పుడే మేడారం బస్సెక్కిండ్రు. జాతర అయిపోయేదాక తనను తప్పిపోయినట్టే ఉండనియ్యాలెనని ఇంటివాళ్లను కోరుతున్నరు.”