మేనమామ బొటనవేలు

"బొటనవేలు ఒకసారి ముంజేతి వైపు వంచమ్మా," అన్నాడు గుండె డాక్టరు.

మంచం మీదున్న లెక్కల టీచరు వంచింది. వేలు ఏ అడ్డూ లేకుండా వెళ్ళి ముంజేతికి ఆనింది. డాక్టరు ముఖం చిట్లించాడు.

"అది మా తమ్ముడి పోలిక," అంది పక్కనే నిలబడ్డ తల్లి. "వాడి వేలూ అంతే. రబ్బరు."

నిన్న క్లాసులో భిన్నాలు చెబుతుండగా టీచరు ఛాతీ పట్టుకుని కుర్చీలో కూలబడింది. ఏదో నాటకం అనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారట. తీరా చూస్తే గుండెకు రక్తం మోసే నాళంలో లోపలి పొర చిరిగింది. కొవ్వు లేదు, పూడిక లేదు, ఉత్త చిరుగు. ముప్పై నాలుగేళ్ళ మనిషికి అది రావడమే డాక్టరుకు మింగుడుపడలేదు.

అలాంటి చిరుగు ముట్టుకోకుండా వదిలేస్తే చాలావరకు తనంతట తానే మానుతుంది. కాని ఈ పొద్దున నొప్పి మళ్ళీ వచ్చి పోయింది. నాళాలు మామూలువైతే స్టెంట్ వేసేయవచ్చు. పుట్టుకతోనే బలహీనమైనవైతే మాత్రం లోపలికి పంపే తీగ తగిలితే చాలు, చిరుగు చివరిదాకా పాకి మనిషి దక్కదు. అది తేల్చే రక్తపరీక్షకు వారాలు పడుతుంది. అందాకా డాక్టరుకున్న ఆధారాలు రెండే: ఒకటి ఒళ్ళు, రెండు వంశం. ఒళ్ళు అనుమానంగానే ఉంది; వేళ్ళు అలా వంగడం బలహీనమైన నాళాలకు ఒక గుర్తు. వంశం తరఫున తల్లి మాట్లాడుతోంది.

"మీకు బట్టల కొట్టు ఉందన్నారు కదా," అన్నాడు డాక్టరు తల్లితో. "తడిసిన కాగితానికి కుట్టు వేస్తే ఏమవుతుంది?"

"కాగితం మేం అమ్మం."

"పోనీ, చీకిపోయిన గుడ్డకి?"

"చీకిపోయిన గుడ్డ మా వంశంలోనే లేదు డాక్టరు గారూ."

డాక్టరు ఓపిక పట్టాడు. "ఒంటి మీద ఈ కమిలిన మచ్చలు?"

"మా అమ్మకీ అంతే. తలుపు తగిలినా కమిలిపోయేది. తొంభై మూడేళ్ళు బతికింది. పోయిన రోజు కూడా భోజనం బాలేదని వంక పెట్టింది."

"నరాలు పైకి కనిపించేంత పల్చటి చర్మం?"

"మా నాన్న. ఆయనా తొంభై దాటాడు."

"చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు?"

"హఠాత్తుగా పోవడం మావాళ్ళకి చేతకాదండీ. ఏళ్ళ తరబడి అందర్నీ సాధించి మరీ పోతారు."

టీచరు కళ్ళు మూసుకుని నవ్వింది. "అమ్మా, కాస్త ఊపిరి తీసుకో."

"పుట్టినప్పుడు ఏమైనా ఇబ్బంది అయిందా?" అన్నాడు డాక్టరు.

అంతసేపూ గుక్కతిప్పుకోకుండా మాట్లాడిన మనిషి దుప్పటి సర్దడం మొదలుపెట్టింది.

"వానొచ్చింది," అంది చివరికి.

"కాన్పు సంగతి అడిగానండీ."

"చాలా పెద్ద వాన. గొడుగు పిల్లకి పట్టి మేమిద్దరం తడిశాం. కదండీ?"

కిటికీ దగ్గరున్న తండ్రి, ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి నోరు తెరిచాడు. "అవును. వాన."

డాక్టరు ఇక లాభం లేదనుకున్నాడు. "మీ రక్తం కూడా కొంచెం ఇస్తే పోల్చి చూస్తాం."

"సూదంటే నాకు భయం."

"చెవులకి అన్ని పోగులున్నాయి కదా?"

"అప్పట్నుంచే భయం." ఆమె నడుం మీద చేతులు వేసుకుంది. "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అన్నారు. నన్ను చూడండి, బండరాయిలా లేనూ? విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?"

డాక్టరు చూశాడు. బండరాయిలాగే ఉంది. ఆయనకూ ఒక దారి దొరికినట్టయింది. ఇంటిల్లిపాదికీ వేళ్ళు వంగుతాయి, ఒళ్ళు కములుతుంది, అయినా అందరూ తొంభై దాటారు. అంటే ఇది జబ్బు కాదు, పోలిక.

"గది సిద్ధం చేయించు, స్టెంట్ వేద్దాం," అని నర్సుని పంపాడు. తర్వాత తల్లి వైపు తిరిగాడు. "మీ వంశం మీద నమ్మకంతోనే వేస్తున్నానండీ."

ఆ మాటకి ఆమె ముఖం పాలిపోయింది. కూతుర్ని చూసింది, మొగుణ్ణి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "డాక్టరు గారూ, బయటికొస్తే మీతో ఒక్క మాట..."

"అమ్మా, చలేస్తోంది," అంది టీచరు. "కారులో నా శాలువా ఉంది, తెచ్చిపెట్టవూ?"

"ముందు ఈయనతో..."

"ముందు శాలువా. తాళం నాన్న దగ్గరుంది, ఇద్దరూ వెళ్ళండి."

తల్లి గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. కూతురి నుదురు నిమిరి వెళ్ళింది. తండ్రి ఆమె వెనకే నడిచాడు.

తలుపు మూసుకున్నాక టీచరు నవ్వు ఆపేసింది.

"స్టెంట్ వద్దు డాక్టరు గారూ. మీ లెక్కలో మొదటి మెట్టే తప్పు."

"అంటే, మీ అమ్మగారు చెప్పిందంతా అబద్ధమా?"

"మామయ్య వేలు వంగదు. అమ్మమ్మకి తగిలితే తలుపే కమిలేది. తొంభై ఏళ్ళు మాత్రం నిజం."

"ప్రాణం మీదికొచ్చిన వేళ ఆవిడ అలా ఎందుకు చెబుతారు?"

ఆమె కారిడార్‌లో అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగింది. తర్వాత డాక్టరు కోటు అంచు పట్టుకుని దగ్గరికి లాగింది.

"నేను పెంపుడు కూతుర్ని, కానీ ఆ సంగతి నాకు తెలుసని అమ్మకి చెప్పకండి."