కరపత్రం అందని గుమ్మం

రమణబాబు ఈసారీ ఆ గుమ్మం దాటేశాడు. వీధి మొదట్నుంచి ఇంటింటికీ సువార్త కరపత్రాలు పంచుకుంటూ వచ్చినవాడు, నారాయణమూర్తి గారి గేటు దగ్గరకొచ్చేసరికి చెప్పు సవరించుకుని అవతలి ఇంటికి పోయాడు. వెనకే వస్తున్న భార్య సత్యవేణి చూసింది.

రమణబాబుకి భయమంటే తెలియదని చర్చి సంఘంలో పేరు. నర్సీపట్నం నుంచి నాతవరానికి షేర్ ఆటో నడుపుతాడు. ఎక్కినవాళ్లు దిగేలోపు రక్షణ గురించి వినాల్సిందే. కదిలే ఆటోలోంచి ఎవరూ దూకరు గదా. దొంగయినా, తాగుబోతయినా, ఎంత పాపం చేసినవాడయినా ప్రభువుని నమ్మితే చాలు, అంతా క్షమించి పరలోకంలో చోటిస్తాడని చెబుతాడు. బస్టాండులో పోలీసాయనకి చెప్పాడు. బ్రాందీ షాపు ముందు నిలబడి కూడా చెప్పాడు. అంతటి మనిషి పక్కింటికి మాత్రం వెళ్లడు.

పక్కిల్లు నారాయణమూర్తి గారిది. రిటైరైన హెడ్మాస్టరు. సర్వేయరుని మంచి చేసుకుని, రమణబాబు స్థలంలోకి జరిగి గోడ కట్టారు. అప్పట్నుంచి ఆటో లోపలికి పట్టక వీధిలోనే ఎండుతోంది, తడుస్తోంది. అడిగితే కోర్టుకెళ్లమన్నారు. రమణబాబు వెళ్లలేదు. ఆయన్ని క్షమించేశానని ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు.

కరపత్రాలు పంచిన రోజు సాయంత్రం నారాయణమూర్తి గారి భార్య రామాయమ్మ గారే వచ్చారు. రేపు పొద్దున్నే ఆయన్ని గుండె ఆపరేషన్‌కి విశాఖ తీసుకెళ్తున్నారట. డాక్టర్లు గట్టిగా ఏమీ చెప్పడం లేదట. చేసిన తప్పులన్నీ తలుచుకుని ఆయన ఒకటే ఏడుపట.

"నువ్వందరికీ చెప్పే మాటేదో తనకీ చెప్పమని అడుగుతున్నారు బాబూ. ఒక్కసారి రా."

రమణబాబు ఆటో చక్రంలో గాలి తక్కువుందన్నాడు. ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా వస్తానన్నాడు. ఆవిడ వెళ్లిపోయారు.

సత్యవేణి తలుపు వేసి ఇటు తిరిగింది.

"పక్కింటికెల్డానికి ఆటో ఎందుకయ్యా?"

రమణబాబు మిగిలిన కరపత్రాలు సర్దసాగాడు.

"ఆయన తిరిగొత్తాడో రాడో. సెప్పకపోతే ఆ ఆత్మ నసించిన పాపం నీ మెడకి సుట్టుకుంటాది. పాస్టరు గారు సెప్పింది మరిసిపోనావా?"

"మరవలేదు."

"మరి బయమా?"

"బయమే."

సత్యవేణికి నవ్వొచ్చింది. పోలీసులకి భయపడని మనిషి.

"మంచం మీంచి లెగలేని ముసిలాయన్ని సూసా? తిడతాడా, తరిమేత్తాడా? నువ్వు సెప్తే ఏటి సేత్తాడు?"

"నమ్మేత్తాడు."